టబ్ లేని బాత్రూంలో పసిపిల్లలకి స్నానం ఎలా పోయాలి

పిల్లలకి స్నానం ఎలా అని ఏ వీడియో తెరిచినా ఒక పెద్ద తెల్లటి బాత్‌టబ్, అందులో నురగ, నురగలో ఒక పసుపు బాతు. మన హైదరాబాద్ ఫ్లాట్లలో బాత్రూం సంగతి తెలిసిందే కదా, ఒక మూల కమోడ్, ఇంకో మూల బకెట్టు మగ్గు, పైన గీజరు, ఇద్దరు నిలబడితే మోచేతులు తగుల్తాయి. అందులో టబ్ పెడితే మనం గుమ్మం బయట నిల్చుని పోయాల్సిందే. కొత్తగా తల్లిదండ్రులైన వాళ్ళు దీని గురించి మస్తు కంగారు పడి ఆన్‌లైన్లో ఏవేవో ఆర్డర్ పెట్టేస్తుంటారు, అవి ఆరు నెలలకి బట్టలు నానబెట్టుకోడానికి పనికొస్తాయి.

నేను చెప్పేది ఏంటంటే టబ్ అస్సలు అక్కర్లేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు కాళ్ళు చాపుకుని పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి పోస్తారు చూడండి, ఆ పద్ధతి చాలా మంచిది, పిల్ల చుట్టూ నిలవ నీళ్ళు ఉండవు, పోసినవి పోసినట్టే జాలీలోకి వెళ్ళిపోతాయి. దాన్ని అలాగే ఉంచుకోండి. మార్చుకోవాల్సింది ఆ స్నానానికి ముందూ వెనకా చేసే కొన్ని పనులు, ఇంకా పక్కన పెట్టే బకెట్టు సంగతి. రెండూ చెప్తా.

బొడ్డు ఊడేదాకా స్నానం లేదు, తుడవడమే

పుట్టిన వెంటనే స్నానం చేయించొద్దు, కనీసం 24 గంటలు ఆగాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. పుట్టినప్పుడు ఒంటి మీద తెల్లగా జిడ్డుగా ఉండే పూత మురికి కాదు, దాన్ని రుద్ది తీసేయక్కర్లేదు, అది చర్మాన్ని కాపాడుతుంది, దానంతటదే ఇంకిపోతుంది. బొడ్డు తాడు మామూలుగా 1 నుంచి 2 వారాల్లో ఊడిపోతుంది, కొంతమందికి 3 వారాలు కూడా పట్టొచ్చు. అప్పటిదాకా నీళ్ళు పోయకుండా తుడిస్తే చాలు.

తుడవడం బాత్రూంలో కాదు, మంచం మీద. ఫ్యాన్ ఆపేసి, ఏసీ ఉంటే అదీ ఆపేసి, తలుపు వేసుకుని, కింద ఒక ప్లాస్టిక్ షీటు, దాని మీద మెత్తగా అయిపోయిన పాత కాటన్ చీర మడత పెట్టి పరవండి. ఒక గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం దూది. ముందు కళ్ళు, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడిచి ఆ దూది పడేయాలి, రెండో కంటికి కొత్తది తీసుకోవాలి. తర్వాత మొహం, చెవుల వెనక, మెడ. పిల్లని మొత్తం విప్పేయకండి, తుడిచే భాగం మాత్రమే బయట ఉండాలి, మిగతాది కప్పి ఉంచాలి, లేకపోతే చలికి గుక్కపట్టి ఏడుస్తారు, అది చూసి మనకి చేతులు వణుకుతాయి. ఆడపిల్లకి ముందు నుంచి వెనక్కి తుడవాలి, మగపిల్లాడికి అక్కడి చర్మాన్ని వెనక్కి లాగకూడదు, పైపైన తుడిస్తే సరిపోతుంది.

బొడ్డు దగ్గర నూనె, పసుపు, పౌడరు, బూడిద ఏదీ వద్దు. పొడిగా వదిలేయాలి, డైపర్ వేస్తే అంచు బొడ్డు కిందకి మడవాలి. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసనొచ్చినా డాక్టర్ దగ్గరికే. పదకొండో రోజు పురుడు అనుకున్నారు, బొడ్డు ఇంకా ఊడలేదు, అప్పుడేం చేయాలి? తల్లికి తలంటు పోయండి, పిల్లకి తడిగుడ్డతో తుడిచి కొత్త బట్టలు వేసెయ్యండి. అత్తమ్మ ఒప్పుకోకపోతే "డాక్టర్ గారు బొడ్డు తడపొద్దన్నారు అత్తమ్మా" అనండి, మన మాట కంటే డాక్టర్ పేరు బాగా పని చేస్తది.

నీళ్ళు కలిపేటప్పుడు

అసలు జాగ్రత్త అంతా ఇక్కడే. ఎప్పుడైనా బకెట్లో ముందు చల్లనీళ్ళు పట్టాలి, ఆ తర్వాతే వేడినీళ్ళు. వేడివి ముందు పట్టి చల్లనీళ్ళ కోసం పంపు తిప్పేలోపు పాకే పిల్లాడొచ్చి చెయ్యి ముంచాడనుకోండి, పెద్దవాళ్ళ చర్మం కంటే వాళ్ళది చాలా పల్చన, 60 డిగ్రీల నీళ్ళైతే కొన్ని సెకన్లలోనే కాలిపోతుంది. గీజరుకి వేడి తగ్గించే నాబ్ ఉంటే 50 లోపు పెట్టుకోండి, ఇంట్లో పసిపిల్లలున్నన్నాళ్ళు అలాగే ఉంచేయండి.

స్నానానికి నీళ్ళు 37, 38 డిగ్రీలుండాలి, అంటే మన ఒంటి వేడి అంత. థర్మామీటర్ లేకపోతే మోచేతి లోపలి వైపు గానీ మణికట్టు మీద గానీ పోసుకుని చూడండి, వేడిగానూ అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు. అరచేత్తో చూడొద్దు, వంటింట్లో వేడికి అలవాటు పడిన చేతులు అబద్ధం చెప్తాయి. చెయ్యి పెట్టే ముందు బకెట్ అడుగు దాకా బాగా కలపాలి, పైన వేడి కింద చల్లన ఉంటే లాభం లేదు.

పంపు కింద గానీ హ్యాండ్ షవర్ కింద గానీ డైరెక్ట్‌గా పిల్లని పెట్టకండి. చాలా ఫ్లాట్లలో ఉండే చిన్న ఇన్‌స్టంట్ గీజర్లలో నీళ్ళు ఒక్కసారి సలసలా వస్తాయి, ఇంకోసారి చల్లగా వస్తాయి, పక్క బాత్రూంలో ఎవరో పంపు తిప్పితే మళ్ళీ మారిపోతాయి. బకెట్లో కలుపుకుని మగ్గుతో పోసుకోవడమే బెస్టు. ఇంకోటి, ఎండాకాలంలో గీజరు వేయలేదు కదా అని ధైర్యంగా ఉండకండి, ఏప్రిల్ మే నెలల్లో డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి, చల్లనీళ్ళ పంపు తిప్పినా వేడినీళ్ళే వస్తాయి. పొద్దున పట్టి నీడలో పెట్టుకున్న నీళ్ళు అప్పుడు పనికొస్తాయి.

హీటర్ రాడ్ వాడే ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, రూముల్లో అద్దెకుండే వాళ్ళైతే మరీ. దానితో కాస్తే పిల్లలు రాని చోట కాయండి, ప్లాస్టిక్ బకెట్లోనే పెట్టండి, స్టీలు బకెట్ వద్దు, స్విచ్ ఆపి ప్లగ్ పీకి రాడ్ బయటికి తీశాకే నీళ్ళలో వేలు పెట్టండి. ఇందులో షార్ట్‌కట్ లేదు.

ముందే అన్నీ చేతికి అందేలా

పిల్లని ఎత్తుకున్నాక టవల్ మర్చిపోయాం అని లేవడానికి ఉండదు. అందుకే మీరు కూర్చునే పీట, మగ్గు కంటే సన్నగా పోయడానికి వీలుండే చిన్న చెంబు, సబ్బు, ఒక చిన్న గుడ్డ, రెండు టవళ్ళు ముందే పెట్టుకోండి, డైపరూ బట్టలూ బయట మంచం మీద విప్పి పరిచి రెడీగా పెట్టండి. పీట బేగంబజార్లోనో మోండా మార్కెట్లోనో ప్లాస్టిక్‌ది దొరుకుతుంది, కింద రబ్బరు ఉన్నది చూసి తీసుకోండి, టైల్స్ మీద సబ్బు నీళ్ళు పడితే పీటతో సహా మనమే జారతాం. పాలు తాగిన వెంటనే స్నానం వద్దు, ఒక అరగంట ఆగండి, లేకపోతే బోర్లా వేయగానే కక్కేస్తారు.

టైం ఏది అంటే మన ఊళ్ళో డిసెంబర్, జనవరి పొద్దుటి పూట చలి 10 డిగ్రీల దగ్గరికి కూడా దిగుతుంది, అప్పుడు పొద్దున్నే వద్దు, కొంచెం ఎండెక్కాక 11, 12 మధ్య పోయండి. ఎండాకాలం సాయంత్రం పోస్తే రాత్రి హాయిగా పడుకుంటారు.

ఇక కాళ్ళ మీద స్నానం

దీనికి ఇద్దరుండాలి, ఒకళ్ళు పట్టుకోవాలి ఇంకొకళ్ళు నీళ్ళు పోయాలి. అలవాటైన పెద్దవాళ్ళు ఒక్కళ్ళే చేసేస్తారు గానీ కొత్తవాళ్ళు ఆ సాహసం చేయకండి. ఆపరేషన్ అయిన తల్లులు ఎలాగూ కూర్చోలేరు, కుట్ల మీద భారం పడుతుంది, డాక్టర్ సరే అనేదాకా ఆ పని అమ్మమ్మకో, పిల్ల వాళ్ళ నాన్నకో అప్పజెప్పండి. నాన్నలకి ఇది నేర్పడం చాలా తేలిక నిజానికి, చేతులు పెద్దవి కదా, పట్టు బాగా ఉంటుంది, వద్దనేది వాళ్ళు కాదు, వాళ్ళకి ఇవ్వనిది మనమే.

గోడకి వీపు ఆనించి పీట మీద కూర్చుని కాళ్ళు ముందుకి చాపండి. రెండు కాళ్ళూ దగ్గరగా, పాదాలు కొంచెం పైకి లేపి ఉంచాలి. మోకాళ్ళ కింద కాళ్ళ మీద ఒక పల్చటి కాటన్ గుడ్డ వేసుకోండి, ఇది చాలామంది చేయరు, నూనె రాసిన పిల్ల, తడి కాళ్ళు, జారకుండా ఉండేది ఆ గుడ్డ వల్లే. పిల్ల తల మీ పాదాల వైపు, పిల్ల కాళ్ళు మీ పొట్ట వైపు, వెల్లకిలా పడుకోబెట్టండి. తల మీ రెండు చీలమండల మధ్య గుంటలో కూర్చుంటుంది, మొహం మీకు కనిపిస్తుంది. ఒక చెయ్యి ఎప్పుడూ పిల్ల మీదే ఉండాలి, సబ్బు తీసుకోడానికి కూడా రెండు చేతులూ వదలొద్దు.

మొహం సబ్బు లేకుండా తడిగుడ్డతో తుడిచేయండి. తర్వాత ఛాతీ మీద కొంచెం నీళ్ళు పోయండి, ఒక్కసారి దబ్బున కాదు, పోసేవాళ్ళు ముందు తమ అరచేతిలో పోసుకుని ఆ చేతి మీదుగా పిల్ల మీదకి జార్చాలి, వేడి కూడా తెలిసిపోతుంది, పిల్ల కూడా ఉలిక్కిపడదు. సబ్బు చేతికి రాసుకుని ఆ చేత్తో పిల్లకి రాయాలి, సబ్బు బిళ్ళతో ఒళ్ళు రుద్దొద్దు. ముడతలు మాత్రం మర్చిపోకండి: మెడ కింద, చంకల్లో, గజ్జల్లో, తొడల మడతల్లో, గుప్పిటలో. మెడ కింద కారిన పాలు ముద్దగా చేరి పులిసిన వాసనొస్తుంది, రెండు రోజులు వదిలేస్తే అక్కడ ఎర్రగా ఒరిసిపోతుంది. గడ్డాన్ని కొంచెం పైకెత్తి వేలితో సున్నితంగా తీసి నీళ్ళు జార్చండి.

తర్వాత బోర్లా తిప్పడం. ఒక చేత్తో చంక కింద భుజాన్ని, ఇంకో చేత్తో తొడని పట్టుకుని పక్కకి తిప్పి బోర్లా వేయాలి, మొహం ఒక పక్కకి తిరిగి ఉండాలి, ముక్కూ నోరూ గుడ్డకి గానీ కాలికి గానీ ఆనకూడదు. చిన్నపిల్లలు మెడ నిలపలేరు కాబట్టి ఇది త్వరగా ముగించాలి, వీపు, పిరుదులు, కాళ్ళ వెనక, అంతే. మళ్ళీ వెల్లకిలా తిప్పి ఆఖర్న తల. తల ఆఖర్న ఎందుకంటే తడి తలతో ఎక్కువసేపు ఉంటే ఒళ్ళు చల్లబడిపోతుంది. నుదుటి మీద చెయ్యి చూరులా అడ్డం పెట్టి వెనక్కి పోస్తే నీళ్ళు పాదాల వైపు జారిపోతాయి, కళ్ళల్లోకి రావు. మాడు మెత్తగా ఉంటుంది, దాన్ని ముట్టుకుంటే ఏదో అయిపోతుందని భయపడక్కర్లేదు, నొక్కకుండా మెల్లగా కడగొచ్చు. మొత్తం 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోవాలి. సగం బకెట్ నీళ్ళు చాలు.

కాళ్ళు చాపి కూర్చోలేని వాళ్ళకి ఇంకో దారి ఉంది. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ శుభ్రంగా కడిగి అడుగున మడత పెట్టిన టవల్ వేసి, రెండు మూడు అంగుళాల నీళ్ళు పోసి, మీ ముంజేయి మీద పిల్ల మెడ ఆనించి అదే చేత్తో అవతలి చంక పట్టుకుని కడగొచ్చు. బాత్రూంలో వంగక్కర్లేదు, దీవాన్ పక్కన నేల మీద కూర్చుని చేసుకోవచ్చు.

ఇవి మాత్రం మానేద్దాం

నూనె రాయడం మంచిదే, కొబ్బరి నూనె హాయిగా రాయొచ్చు, స్నానానికి ఒక అరగంట ముందు మెత్తగా రాస్తే పిల్లలకి ఇష్టం కూడా. కానీ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చేయడం, ముక్కులో ఊదడం, ఇవి వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమోనియా వస్తుంది. పుట్టిన పిల్లల ఛాతీ దగ్గర కొంచెం వాపు ఉంటే పిండుతారు, అది తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు, దానంతటదే పోతుంది, పిండితే చీము పట్టొచ్చు.

ఒంటి మీద నూగు పోవాలని పిండి ముద్దతో రుద్దడం కూడా అంతే, ఆ నూగు కొన్ని వారాల్లో రాలిపోయేదే, రుద్దితే పోయేది చర్మం. సున్నిపిండి ఏడాది దాటాక ఎప్పుడైనా మెత్తగా జల్లించి పెట్టండి, పండక్కి తలంటు అంటే ఎవరు కాదంటారు, కానీ కుంకుడుకాయ రసం పసిపిల్లల కళ్ళల్లో పడితే ఆ మంట తట్టుకోలేరు, దాన్ని ఇంకొన్నేళ్ళు వాయిదా వేయండి.

సాంబ్రాణి గురించి నాకు తెలుసు, ఆ వాసన లేకపోతే పసిపిల్లున్న ఇల్లు అనిపించదు. కానీ పొగ పొగే, చిన్న ఊపిరితిత్తులకి అది మంచిది కాదు, తల ఆరబెట్టడానికి పొడి టవల్ చాలు. వేయక తప్పదంటే పిల్లని వేరే గదిలో ఉంచి వేసి, పొగంతా పోయాక తీసుకురండి. కొన్న కాటుకల్లో కొన్నింట్లో సీసం ఉంటుంది, కళ్ళకి పెట్టకండి, దిష్టి చుక్క అరికాలికి పెట్టండి, దిష్టికి అరికాలైనా ఒకటే. పౌడర్ డబ్బా మొహం దగ్గర దులపడం అయితే అస్సలు వద్దు, ఆ పొడి పీలిస్తే ప్రమాదం.

కూర్చోవడం, నడవడం వచ్చాక

ఆరేడు నెలలకి కూర్చుంటారు, అప్పట్నుంచి కథ మారిపోతుంది, కాళ్ళ మీద పట్టరు, పడుకోమంటే పడుకోరు. నేల మీద రబ్బరు మ్యాట్ వేసి దాని మీద కూర్చోబెట్టండి, చేతికి ఒక చిన్న గ్లాసు ఇవ్వండి, వాళ్ళ నీళ్ళు వాళ్ళే పోసుకుంటున్నాం అనుకుంటారు, మీ పని మీరు చేసుకోవచ్చు. తల మీద నీళ్ళంటే ఏడ్చేవాళ్ళని పైన బల్లి ఎక్కడుందో చూడమనండి, తల వెనక్కి వంచుతారు, ఆ క్షణంలో పోసేయాలి. ఆ వయసులో నిలబెట్టి పోస్తే జారతారు, మూడేళ్ళు వచ్చేదాకా కూర్చోబెట్టే పోయండి.

బకెట్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. నడక నేర్చుకునే పిల్లల తల బరువు ఎక్కువ, బకెట్ అంచు పట్టుకుని తొంగి చూస్తే తలకిందులుగా అందులో పడిపోతారు, పైకి లేవలేరు, అరవనూ లేరు, రెండు అంగుళాల నీళ్ళు కూడా చాలు. మన ఊళ్ళో చాలా ఏరియాల్లో నల్లా రోజు మార్చి రోజు వస్తుంది కాబట్టి బాత్రూంలో డ్రమ్ములు, బకెట్లు నింపి పెట్టుకోవడం అలవాటు, ఆపమనడం కుదరదు. అందుకని డ్రమ్ముకి బిగుతుగా మూత పెట్టండి, స్నానం అయిన బకెట్ ఖాళీ చేసి బోర్లించండి, బాత్రూం తలుపుకి బయట వైపు పిల్లలకి అందనంత ఎత్తులో గొళ్ళెం పెట్టించండి. లోపలి గొళ్ళెం కూడా పైకి మార్పించుకుంటే మంచిది, లోపలికెళ్ళి వేసేసుకుని తీయడం రాక ఏడ్చే పిల్లలున్నారు. స్నానం మధ్యలో ఫోన్ మోగినా, డెలివరీ అబ్బాయి బెల్లు కొట్టినా, పిల్లని టవల్లో చుట్టి ఎత్తుకునే వెళ్ళండి, "ఒక్క నిమిషం" అనేది లేదు, అక్కకో అన్నకో చూడమని చెప్పి వెళ్ళడం కూడా లేదు.

అయ్యాక

టవల్లో చుట్టి ముందు తల, తర్వాత ముడతలన్నీ అద్దండి, రుద్దొద్దు. చెవిలో ఇయర్‌బడ్ పెట్టొద్దు, బయట వైపు తుడిస్తే చాలు. బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు వాడే వాళ్ళకి, అంటే మణికొండ, మియాపూర్ లాంటి వైపు ఉండేవాళ్ళకి ఈ సంగతి తెలుసు, సబ్బు నురగ రాదు, ఒళ్ళు తెల్లగా పొడిబారిపోతుంది. అలాంటి చోట సబ్బు తగ్గించండి, ముడతలకి, డైపర్ చోట మాత్రం వాడండి, ఒళ్ళు ఇంకా కొంచెం తడిగా ఉండగానే మాయిశ్చరైజరో కొబ్బరి నూనో రాయండి. నల్లాలో మంజీరా నది నీళ్ళొచ్చే రోజు ఒక బకెట్ విడిగా పక్కన పెట్టుకుని పిల్ల స్నానానికి ఆఖరి చెంబులు వాటితో పోసేవాళ్ళు కూడా ఉన్నారు, కుదిరితే మంచిదే, ఆ బకెట్‌కీ మూత కావాలి.

రోజూ పోయాలా అంటే, పోయక్కర్లేదు. మొదటి నెలల్లో వారానికి రెండు మూడు సార్లు చాలు, మిగతా రోజుల్లో మొహం, మెడ, డైపర్ చోటు తుడిస్తే సరిపోతుంది. ఎండాకాలం చెమటకాయలు లేచే టైంలో రోజూ, పెద్ద పిల్లలకి రెండు పూటలా పోసినా తప్పు లేదు, సబ్బు మాత్రం ఒక్క పూటే. టీకా వేయించిన రోజు కూడా స్నానం చేయించొచ్చు, సూది వేసిన చోట రుద్దకుండా ఉంటే చాలు. జ్వరం ఉంటే చల్లనీళ్ళు పోయొద్దు, ఒళ్ళు తడిగుడ్డతో తుడిచినా గోరువెచ్చటి నీళ్ళతోనే. 3 నెలలు నిండని పిల్లకి 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం కనిపిస్తే స్నానం, తుడవడం అన్నీ పక్కన పెట్టి, అర్ధరాత్రైనా సరే, మీ డాక్టర్ దగ్గరికో నిలోఫర్ పిల్లల ఆసుపత్రికో వెంటనే తీసుకెళ్ళండి.